పీటర్ గ్రీన్ పునరాగమనం

పూజ ముగిశాక ఉద్వాసన చెప్పేటప్పుడు ‘పునరాగమనం’ అనే మాట వాడతాం. మళ్ళీ రమ్మని వేడుకోలు. మరుసటి ఏడు వచ్చిన వినాయకుడు నిరుటి వినాయకుడేనా అని ఎవ్వరూ ఆరా తీయరు. మనుషులకు ఆ మర్యాద దక్కదు. బ్రిటిష్ బ్లూస్ గిటారు విద్వాంసుడు పీటర్ గ్రీన్ చాలాకాలం తరువాత తిరిగివచ్చి చేసిన ఒక ఆల్బం గురించి ఇద్దరు శ్రోతల మధ్య జరిగిన తగవు విన్నాను. ఆ తగవు నా ఇంటి తలుపు కూడా తట్టింది కాబట్టి ఈ టపా.

జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పుకున్నవాడికి బ్లూస్‌తో పనేమిటని మిత్రులు అడగవచ్చు. 2023 వేసవిలో ఇంగ్లండులో, రెడింగు పట్టణంలో, మా అమ్మాయి ఇంట నాలుగు నెలలున్నాను. మా అల్లుడికి గిటారు పిచ్చి. రాత్రి భోజనాలయ్యాక అతడు పాటలు పెట్టడం, నేను పక్కన కూర్చుని వక్కపొడి నములుతూ వినడం అలవాటైంది. మొదటి వారం అన్నీ ఒకేలా వినిపించాయి. ఆ తరువాత అందులో ఒక ఛందస్సు ఉన్నదని పట్టుకున్నాను. సాధారణంగా పన్నెండు గతుల ఆవృత్తి. మొదటి పాదం పాడతారు, దాన్నే మళ్ళీ పాడతారు, మూడో పాదం వాటికి జవాబు. అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటుంది. ప్రతి పాదానికీ కేటాయించిన కాలంలో గాయకుడు సుమారు సగమే పాడతాడు. మిగిలిన సగం ఖాళీ. ఆ ఖాళీలో గిటారు పలుకుతుంది. పద్యంలో యతి దగ్గర మనం క్షణం ఆగుతామే, ఆ ఆగడాన్ని పెంచి పెద్దచేసి అందులో మరొకరిని కూర్చోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

పీటర్ గ్రీన్ గొప్పతనమంతా ఆ ఖాళీలోనే ఉంది. 1946లో లండను తూర్పు భాగంలోని బెత్నల్ గ్రీన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. 1966లో జాన్ మేయాల్ బృందంలో ఎరిక్ క్లాప్టన్ ఖాళీ చేసిన పీఠం మీద కూర్చున్నాడు. అంతటివాడి తరువాత వచ్చినవాడిని జనం ఎట్లా చూస్తారో ఊహించుకోవచ్చు. మరుసటి ఏడు వచ్చిన ‘ఎ హార్డ్ రోడ్’ ఆల్బంతో ఆ నోళ్ళు మూతబడ్డాయి. 1967లోనే ఫ్లీట్‌వుడ్ మాక్ అనే తన సొంత బృందాన్ని కట్టి, దానికి తన పేరు కాక, డ్రమ్ములు వాయించే మిక్ ఫ్లీట్‌వుడ్, బేస్ గిటారు వాయించే జాన్ మెక్‌వీల పేర్లు కలిపి పెట్టాడు. ‘అల్బట్రాస్’ అనే మాటలు లేని గీతం 1969 తొలినాళ్ళలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. సాంటానా పాడగా లోకమంతా విన్న ‘బ్లాక్ మేజిక్ వుమన్’ రాసింది కూడా ఈయనే.

వేగంగా వాయించేవాళ్ళు అప్పట్లోనూ బోలెడుమంది. ఈయన తక్కువ స్వరాలు వాయించి, ఒక్కొక్క స్వరాన్నీ తీగ లాగి, వణికించి, విడిచిపెట్టేవాడు. మా చెవికి అది గమకానికి దూరపు చుట్టంలా తోస్తుంది. ఆ గిటారు 1959 నాటి గిబ్సన్ లెస్‌పాల్. దాని రెండు పికప్‌లలో ఒకదాని అయస్కాంతం తిరగబడి ఉండటం వల్ల, రెండూ కలిపి మోగించినప్పుడు ముక్కుతో మూలిగినట్లుండే ఒక వింత నాదం వచ్చేదని మా అల్లుడు బొమ్మ గీసి మరీ చెప్పాడు.

1970 మే నెలలో ఆయన బృందాన్ని విడిచిపెట్టాడు. అప్పటికే తెల్లని అంగీలు తొడిగి, సంపాదించినదంతా దానం చేసేద్దామని తోటివారిని పోరుతూ ఉండేవాడు. ఆ ఏడు మార్చిలో మ్యూనిక్ నగరంలో మాదకద్రవ్యం పుచ్చుకున్న ఒక రాత్రితోనే అంతా చెడిందని సహచరులు చెబుతూ వచ్చారు. ఒక్క రాత్రి మీద అంత బరువు మోపడం నాకు నచ్చదు. తరువాత స్కిజోఫ్రీనియా అన్నారు వైద్యులు. ఆసుపత్రులు, విద్యుత్ చికిత్స, మనిషిని మొద్దుబార్చే మందులు. తన లెక్కలు చూసే వ్యక్తిని తుపాకితో బెదిరించాడన్న ఆరోపణ మీద 1977లో అరెస్టయ్యాడు. ఆ లెస్‌పాల్ గిటారును అంతకు చాలా ముందే గ్యారీ మూర్ అనే యువకుడికి అమ్మేశాడు.

ఆయన తిరిగిరావడం ఒక్కసారితో అయిన పని కాదు. 1979లో ‘ఇన్ ద స్కైస్’ వచ్చింది. సంతోషించిన శ్రోతలకు ఆ వెంటనే అనుమానం పుట్టింది, ఇందులో వాయిస్తున్నది ఎవరు అని. అందులో స్నోయీ వైట్ అనే మరొక గిటారు వాద్యకారుడు కూడా ఉన్నాడు. గ్రీన్‌వే అనుకుని జనం మురిసిపోయిన కొన్ని వరసలు నిజానికి వైట్‌వి. మళ్ళీ కొన్నేళ్ళ మౌనం. 1990ల నడుమ పాత స్నేహితుడు నైజల్ వాట్సన్ చేయిపట్టుకుని తిరిగి వాయించడం మొదలుపెట్టాడు. స్ప్లింటర్ గ్రూప్ అని బృందం కట్టారు. 1998లో ‘ద రాబర్ట్ జాన్సన్ సాంగ్‌బుక్’ వచ్చింది. మా ఇంటి తగవు ఈ ఆల్బం మీదనే.

రాబర్ట్ జాన్సన్ మిసిసిపీ రాష్ట్రపు నల్లజాతి గాయకుడు. 1936, 37 సంవత్సరాలలో టెక్సస్‌లో 29 పాటలు రికార్డు చేసి, 1938లో 27 ఏళ్ళకే పోయాడు. గ్రీన్ ఆ పాటల్లో 16 ఈ ఆల్బంలోనూ, మిగిలినవి 2000లో వచ్చిన ‘హాట్ ఫుట్ పౌడర్’లోనూ పూర్తిచేశాడు. 1998 నాటి ఆల్బానికి మరుసటి ఏడు అమెరికాలో డబ్ల్యూ.సి. హ్యాండీ పురస్కారం లభించింది. అది ఏ విభాగంలోననుకున్నారు? అచ్చంగా ‘పునరాగమన’ విభాగంలోనే!

మా అల్లుడికి ఆ ఆల్బం గిట్టదు. “మామయ్యగారూ, ఈ చేతులు ఆ చేతులు కావండీ” అన్నాడు. పాట మధ్యలో ఆపి చూపించాడు. ఇదిగో, ఇక్కడ గాయకుడు ఆగాడు, ఇక్కడే 1968లో అయితే గిటారు పలికేది, ఇప్పుడు ఏమీ లేదు, ఉన్నా అది నైజల్ వాట్సన్ వాయించినది, కొన్నిచోట్ల గొంతు కూడా అతనిదే. అట్ట మీద ఎవరి పేరు పెద్దగా వేశారు, లోపల ఎవరు మోస్తున్నారు అని అతని అభియోగం.

పక్కింట్లో డెబ్బయ్యయిదేళ్ళ ఆంగ్లేయుడొకాయన ఉండేవాడు. రైల్వేలో పనిచేసి దిగినవాడు. పడుచుతనంలో గ్రీన్‌ను ఒక చిన్న క్లబ్బులో పది అడుగుల దూరం నుంచి చూశాడట. పెరటి కంచెకు అటూ ఇటూ నిలబడి మా అల్లుడూ ఆయనా ఈ విషయమై వాదులాడుకునేవారు. ఆయన వాదం ఒక్కటే. ఆ మనిషి బ్రతికి బయటపడ్డాడు, గిటారు పట్టుకున్నాడు, అంతకంటె ఏమి కావాలి మీకు, ఆయనను వదిలిపెట్టండి అని. ఈ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను.

సహజంగా నా మనసు పెద్దాయన వైపు మొగ్గింది. వయసు వయసును వెనకేసుకొస్తుంది కదా. అల్లుడిది కుర్రతనపు కర్కశత్వం అనుకున్నాను. ఒకనాడు ఊరికే, ఆ ఆల్బం మీరు తరచూ వింటూ ఉంటారా అని పెద్దాయనను అడిగాను. ఆయన కాసేపు చెట్లవైపు చూసి, నవ్వి, ఒక్కసారి విన్నానన్నాడు. 1998లో, కొన్న రోజున. గ్రీన్‌ను వినాలనిపిస్తే ‘అల్బట్రాస్’ పెట్టుకుంటాడట.

మా అల్లుడు ఆ నచ్చని ఆల్బమును ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. ఏ పాటలో ఏ చోట వేలు తడబడిందో అతనికి కంఠతా వచ్చు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి కారణం పీటర్ గ్రీన్ కాదు.

మా తమ్ముడు నాకంటె ఆరేళ్ళు చిన్న. వయొలిను నేర్చుకున్నాడు. తెనాలి దగ్గర మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో వాడు కల్యాణి ఎత్తుకుంటే పానకం పంచేవాళ్ళు కూడా బిందెలు దింపి నిలబడేవారు. 1986లో, ఇరవైరెండో ఏట, వాడికి జబ్బు చేసింది. పేరు ఒకటే, గ్రీన్‌కు పెట్టిన పేరే. చికిత్సా అదే. నోట్లో గుడ్డ పెట్టి కరెంటు ఇచ్చే గది బయట బల్లమీద నేను కూర్చున్నాను. ఏడేళ్ళు వాడు వయొలిను పెట్టె తెరవలేదు. 1993లో తనంత తానే తెరిచాడు. ఆ ఏడు నవమి పందిట్లో ఒక కీర్తన వాయించాడు. ఆలాపన లేదు, స్వరకల్పన లేదు. కమాను మధ్యమధ్య ఆగిపోయేది. ఊరివాళ్ళు బ్రహ్మాండమన్నారు. నేనయితే లేచి నిలబడి, నాకు తెలిసిన విశేషణాలన్నీ వాడి, తెలుగు పండితుడిననిపించుకున్నాను.

ఇంటికి వచ్చాక వాడు కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు. “అన్నయ్యా, నువ్వు నన్ను చూడటానికి వచ్చావు. వినడానికి రాలేదు.”

మళ్ళీ పందిట్లో వాయించలేదు. పెట్టె అటక ఎక్కింది. ఆ మాట జబ్బు పలికించిన మాట అని ముప్ఫయ్యేళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రెడింగులో ఆ రాత్రి కిటికీ దగ్గర కూర్చుని ఆలోచిస్తే, అప్పుడు ఆ ఇంట్లో ఆరోగ్యంగా మాట్లాడినవాడు వాడొక్కడే అనిపించింది. నేను చేసింది సమీక్ష కాదు, పరామర్శ. పరామర్శకు వెళ్ళినవాడు ఎదుటివాడి మాట వినడు. తాను చెప్పవలసిన మంచి మాట కోసమే తడుముకుంటూ ఉంటాడు.

మరునాటి నుంచి ఆ ఆల్బమును నేనే పెట్టించుకుని, పాతవాటితో పోల్చకుండా విన్నాను. అల్లుడు చెప్పింది చాలావరకు నిజమే, గిటారు తగ్గింది. ఆ మాట దాచి గ్రీన్‌కు చేసే ఉపకారమేమీ లేదు. అయితే గొంతు గురించి ఆ ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు. పడుచువాడు రాసి పాడుకున్న పాటలను యాభయ్యొకటో ఏట, అడుగంటిన బావిలోంచి వచ్చినట్లున్న స్వరంతో గ్రీన్ పాడుతున్నాడు. జాన్సన్ పాటల్లో మనిషిని వెంటాడే నరకపు వేటకుక్క ఉంటుంది, తలుపు తట్టే దయ్యం ఉంటుంది. జాన్సన్ గొంతులో అవి గుమ్మం బయట ఉన్నాయి. గ్రీన్ పాడితే, అవన్నీ ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయిన తరువాత ఇల్లు ఊడుస్తున్నవాడి గొంతులా ఉంది. భయపెట్టాలన్న ఆత్రం లేదు. కొన్నిచోట్ల పేలవంగానూ ఉంది, అదీ చెప్పాలి. రెండు మూడు పాటలు పాఠం అప్పజెప్పినట్లు సాగుతాయి.

ఈ మాటలే అల్లుడితో అంటే, “గొంతు మీద నేను దృష్టి పెట్టలేదండీ, చేతులనే చూస్తున్నాను” అన్నాడు. గిటారు వాయించేవాడు కదా.

పీటర్ గ్రీన్ 2020 జూలై 25న, 73వ ఏట, నిద్రలోనే కన్నుమూశాడు. ఆ గిటారు గ్యారీ మూర్ చేయి దాటి, మరికొన్ని చేతులు మారి, 2014 నుంచి మెటాలికా బృందపు కిర్క్ హామెట్ దగ్గర ఉంది.

అక్టోబరులో తిరిగివచ్చాను. తమ్ముడు మాతోనే ఉంటాడు. ఉదయం మందు, సాయంత్రం గుడి, రాత్రి రేడియో. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు, వరండాలో చీకట్లో కూర్చుని, ముందుమాటలేమీ చెప్పకుండా, ఎవరు పాడుతున్నారో, ఏ జబ్బు పడి లేచారో ఏమీ చెప్పకుండా, ఫోనులో ఆ ఆల్బం నుంచి ‘వెన్ యూ గాట్ ఎ గుడ్ ఫ్రెండ్’ అనే పాట పెట్టాను. వాడు కదలకుండా విన్నాడు. అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఈసారి నా విశేషణాలు నా దగ్గరే ఉంచుకున్నాను.

“మళ్ళీ పెట్టు” అన్నాడు.

పెట్టాను. రెండోసారి సగం పాట అయ్యాక, చీకట్లో వాడి ఎడమచేతి వేళ్ళు మోకాలి మీద కదులుతుండటం గమనించాను.

“ఈయన ఆగినప్పుడల్లా పక్కన ఇంకొకాయన అందుకుంటున్నాడు చూశావా. ముందుకు రావట్లేదు, పడిపోనివ్వట్లేదు. ఎవరన్నయ్యా ఆయన?”

“నైజల్ వాట్సన్” అన్నాను. “స్నేహితుడు.”