అభిజిత్తు పేరు పెట్టుకున్న కారు

1954 మా యానాం వాళ్ళు మరిచిపోలేని సంవత్సరం. ఆ ఏడాది జూన్‌లో మా ఊళ్ళో ఫ్రెంచి పాలన ముగిసింది. అదే ఏడాది అక్టోబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో ఒక కొత్త ఫ్రెంచి కారు జనం ముందుకు వచ్చింది. దాని పేరు ఫాసెల్ వేగా. పదేళ్ళు మాత్రమే తయారై, 1964 అక్టోబరులో కంపెనీతోపాటు ఆగిపోయింది. ఆ పదేళ్ళలో చిన్నవీ పెద్దవీ అన్నీ కలిపి మూడు వేల కార్లు కూడా తయారు కాలేదు.

రోల్స్ రాయిస్ పేరు మన పిల్లలకు కూడా తెలుసు. ఫాసెల్ వేగా పేరు విన్నవారు మనలో ఎందరుంటారు? నేను మొదట విన్నది మా బావగారి నోట. 1962లో యానాం, పుదుచ్చేరి వాళ్ళకు ఏ దేశపు పౌరసత్వం కావాలో ఎంచుకునే అవకాశం వచ్చినప్పుడు, వాళ్ళ నాన్నగారు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్నారు. అలా బావగారు ఇరవయ్యో ఏట ఫ్రాన్సు వెళ్ళి, పారిస్ దగ్గర పువాసిలోని సిమ్కా కార్ల కార్ఖానాలో చేరారు. ఫాసెల్ సంస్థ ఒకప్పుడు సిమ్కాకు కార్ల బాడీలు చేసి ఇచ్చేది. అందుచేత అక్కడి పాత కార్మికులు భోజనాల వేళ ఆ కారు సంగతులు కథలుగా చెప్పుకునేవారట. బావగారికి ఇప్పుడు ఎనభై ఏళ్ళు. మొన్న చలికాలంలో నేను అక్కయ్యను చూడబోతే, "ఏమోయ్, ఒక్కసారైనా ఆ కారును దగ్గరగా చూడాలని ఉందోయ్. నువ్వొచ్చావు గనుక తోడుంటావు" అన్నారు. అలా మొదలైంది మా వెతుకులాట.

ముందు ఆ కారు పుట్టుక చెప్పాలి. యుద్ధం తరవాత ఫ్రాన్సులో పెద్ద ఇంజను కార్ల మీద పన్ను బాగా పెంచారు. బుగాటి, దెలాయ్, తాల్బో వంటి పేరున్న విలాసపు కార్లు ఒక్కొక్కటే అంతరించాయి. ఆ సమయంలో ఝాన్ దనినోస్ అనే ఆయన, ఫ్రాన్సుకు మళ్ళీ ఒక గొప్ప కారు ఉండాలని పట్టుపట్టాడు. ఆయన ఫాసెల్ సంస్థ అప్పటికే ఇతర కంపెనీల కార్లకు బాడీలు, విమానాల ఇంజన్లకు భాగాలు చేస్తోంది. రేకు పనిలో వారికి సాటి లేదు. కాని అంత పెద్ద కారును లాగే ఇంజను ఫ్రాన్సులో దొరకలేదు. అందుకని అమెరికా నుంచి క్రైస్లర్ వారి ఎనిమిది సిలిండర్ల ఇంజను తెప్పించాడు. ఒళ్ళు ఫ్రాన్సుది, గుండె అమెరికాది అన్నమాట.

వేగా అన్న పేరు సూచించినది ఆయన తమ్ముడు, హాస్య రచయిత పియేర్ దనినోస్. వేగా అంటే మన అభిజిత్ నక్షత్రమే. ఇరవై ఏడు నక్షత్రాల లెక్కలో దానికి చోటు లేదు. అయినా మంచి ముహూర్తం కుదరకపోతే మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నం ఉందిగా అని మన పెద్దలు ధైర్యం చెబుతారు. ఈ కారు కూడా అలాంటిదే. లెక్కలో లేదు గాని తక్కువది కాదు. సినీతార ఆవా గార్డ్‌నర్, రేసు వీరుడు స్టిర్లింగ్ మాస్, బీటిల్స్ బృందంలో డ్రమ్ములు వాయించిన రింగో స్టార్ ఈ కార్లు కొన్నవారిలో ఉన్నారు.

మొదట కొలోంబ్ వెళ్ళాం. పారిస్ శివార్లలో ఉన్న ఈ ఊళ్ళో ఫాసెల్ కార్ఖానా ఉండేది. వీధిలో కనబడిన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళను అడిగాం. ఒకాయన "నక్షత్రం గురించా మీరు అడుగుతున్నది?" అన్నాడు. బావగారు నవ్వారు గాని, తిరుగు ప్రయాణంలో పెద్దగా మాట్లాడలేదు.

మర్నాడు మేనల్లుడు కారులో విల్‌బ్లెవాన్ తీసుకువెళ్ళాడు. పారిస్‌కు ఆగ్నేయంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో చిన్న పల్లె. లోకంలో అందరికంటే ఎక్కువ మందికి తెలిసిన ఫాసెల్ వేగా ఇక్కడే తునాతునకలైంది. 1960 జనవరి 4న నోబెల్ బహుమతి పొందిన రచయిత ఆల్బేర్ కామూ, తన పుస్తకాల ప్రచురణ సంస్థకు చెందిన మిత్రుడు మిషెల్ గాలిమార్ కారులో పారిస్ వస్తున్నారు. తిన్నని రోడ్డు. కారు అదుపు తప్పి చెట్టుకు గుద్దుకుంది. కామూ అక్కడికక్కడే పోయారు. కారు నడుపుతున్న గాలిమార్ కొద్ది రోజుల తరవాత చనిపోయారు. కామూకు అప్పటికి 46 ఏళ్ళు. ఆయన జేబులో రైలు టిక్కెట్టు ఉంది. రైల్లో వెళ్ళవలసినవాడు మిత్రుడి మాట కాదనలేక కారెక్కాడు. సంచిలో దొరికిన అసంపూర్ణ నవల 1994లో గాని అచ్చు కాలేదు.

ఊళ్ళో కామూ స్మారకం ఉంది. బావగారు టోపీ తీసి నిలబడ్డారు. "ఇంత అందమైన వస్తువును లోకం గుర్తు పెట్టుకున్నది ఈ చావు వల్ల. అదీ దాని రాత" అన్నారు.

ఇక మిగిలింది రెత్రోమోబిల్. పారిస్‌లో పోర్త్ ద వెర్సాయ్ ప్రదర్శనశాలలో ఏటా చలికాలంలో జరిగే పాత కార్ల తిరునాళ్ళు అది. ఇసక వేస్తే రాలని జనం. అక్కడ దొరికింది మాకు హెచ్.కె.500 రకం ఫాసెల్ వేగా. ఈ రకం మొత్తం తయారైనవి సుమారు 490. ముదురు నీలం రంగు, నిలువుగా ఒకదాని మీద ఒకటి అమర్చిన దీపాలు, ముందూ వెనకా తుప్పు పట్టని ఉక్కు బంపర్లు. బరువు సుమారు 1800 కిలోలట. చూస్తే మాత్రం పరుగుకు సిద్ధంగా ఉన్న గుర్రంలా ఉంది.

దాని యజమాని పళ్ళ డాక్టరు. బావగారు సిమ్కాలో పనిచేశానని చెప్పగానే తలుపు తీసి, "కూర్చోండి" అన్నాడు. లోపల విమానంలో ఉన్నట్టు గడియారాల వరస, తోలు కుర్చీలు, మెరిసే అఖరోటు చెక్క. బావగారు ఆ చెక్క మీద వేలితో కొట్టారు. ఠంగుమంది! అది చెక్క కాదు, రేకు. కార్ఖానాలో పనివాళ్ళు కుంచెలతో చెక్క నారలు, కణుపులు చేత్తో గీశారు. "పాతవాళ్ళు చెబితే నమ్మలేదోయ్" అంటూ బావగారు దాన్ని మళ్ళీ మళ్ళీ తడిమి చూశారు.

డాక్టరు బానెట్ ఎత్తి ఇంజను చూపించాడు. ఫాసెల్‌ది పరాయి ఇంజను అని ఆ రోజుల్లో చిన్నచూపు చూసినవారు ఉన్నారు. అందుకే దనినోస్ చిన్న కారు ఫాసెలియాకు అచ్చంగా ఫ్రెంచి ఇంజనే ఉండాలన్నాడు. పోంతామూసోన్ సంస్థ చేత 1.6 లీటర్ల ఇంజను చేయించాడు. సరిగా పరీక్షించకుండానే అది బజారుకెక్కింది. పిస్టన్లు కాలిపోవడం మొదలైంది. కొన్నవాళ్ళంతా వెనక్కి పట్టుకొచ్చారు. ఖర్చు తడిసి మోపెడైంది, పరువు పోయింది. తరవాత వోల్వో ఇంజను పెట్టి ఫాసెల్ 3 అని తెచ్చినా అప్పటికే చెయ్యి దాటిపోయింది.

"ఈ పెద్దదానికి ఇంజను భాగాలు అమెరికా నుంచి ఇవాళ్టికీ వస్తాయి. ఫాసెలియా ఉన్నవాళ్ళకే కష్టం. చాలామంది వేరే ఇంజన్లు బిగించుకున్నారు" అన్నాడు డాక్టరు.

"చూశావా, అరువు తెచ్చుకున్న గుండే అరవై ఏళ్ళు దాటినా కొట్టుకుంటోంది" అన్నారు బావగారు నాతో.

"సొంతది కావాలనుకోవడం తప్పా బావగారూ?"

"తప్పని ఎవరన్నారు? తొందరపడటం తప్పు."

డాక్టరు మాది ఏ ఊరని అడిగాడు. బావగారు ఫ్రెంచిలో, గోదావరి సముద్రంలో కలిసే చోటు నుంచి మొదలుపెట్టి, యానాం గురించి పావుగంట చెప్పారు. వెనక జనం ఆగిపోయారు.

ఇంటికి వస్తూ కారులో బావగారు అన్నారు: "మన ఇల్లూ అంతేనోయ్. గోడలు ఇక్కడివి, లోపల నడిపించేది అక్కడిది. మనవలకు తెలుగు సగమే వచ్చు. విడిభాగాలు దొరికినన్నాళ్ళు నడుస్తుంది."

ముందు సీట్లోంచి అక్కయ్య, "ఆ విడిభాగాలే కదా నేను ఏటా సంచుల్లో మోసుకొస్తున్నాను. ఆవకాయ, అప్పడాలు, పంచాంగం!" అంది. మేనల్లుడు కారు నడుపుతూనే పెద్దగా నవ్వాడు. నవ్విన తరవాత తన కొడుకును ఈసారి వేసవికి యానాం పంపుతానన్నాడు. పోయినేడు కూడా అలాగే అన్నాడుట గాని, ఈసారి తారీఖు కూడా చెప్పాడు.

పారిస్‌లో బంధువులున్న పాఠకులు చలికాలంలో వెళితే రెత్రోమోబిల్ తప్పక చూడండి. చలి గట్టిగానే ఉంటుంది, ఉన్ని దుస్తులు మరవకండి. ఫాసెల్ వేగా కనబడితే దాని అందం చూసి తృప్తిపడి వచ్చేయకండి. యజమానిని మర్యాదగా అడిగితే బానెట్ ఎత్తి చూపిస్తాడు. ఆ కారు అసలు కథ అక్కడే ఉంది.