పాత్ర పీల్చు ఊపిరి

ఏనుగు దాటి తోక చిక్కినదను సామెతకు నిదర్శనము కావలసినచో, ఇంటిలో బీరు చేసికొను గృహస్థుని వంటగదిలో ఒకటి దొరకును. బ్రిటనులో 1880 నాటి చట్టము అట్టివానిని లైసెన్సు తీసికొమ్మని నిర్బంధించినది. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఆ నిర్బంధమును తొలగించెను. నాటినుండి ఎందరో సామాన్యులు ఈ పనిని నిర్భయముగా చేపట్టిరి.

అట్టి గృహస్థుడు మొలకెత్తించి ఎండించిన బార్లీని వేడినీట నానవేసి, ఆ తీపిరసమును హాప్ పువ్వులతో మరగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పెద్దపాత్రలో మూయును. మూతకుగల రంధ్రములో ఎయిర్‌లాక్ అను చిన్న గొట్టమును నిలిపి, అందులో కొద్దిగా నీరు పోయును. రసము పులియునప్పుడు పుట్టిన బొగ్గుపులుసు వాయువు ఆ నీటిగుండ బుడబుడమనుచు వెలుపలికి పోవును. బయటి గాలి లోనికి రాదు. రెండు వారములపాటు ఆ చప్పుడే అతనికి కుశలవార్త.

పిదప చప్పుడు ఆగును. మడ్డి దిగి బీరు తేటపడుటకై పాత్రను రిఫ్రిజిరేటరులో ఉంచి, పని ముగిసినదని అతడు నిద్రించును. తెల్లవారి చూడగా గొట్టములో నీరుండదు. పాత్ర దానిని లోనికి పీల్చుకొన్నది. దాని వెనుక గాలినికూడ పీల్చుకొన్నది.

ఇందుకు కారణములు రెండు. 20 డిగ్రీలనుండి 2 డిగ్రీలకు చల్లబడిన వాయువు నూటికి ఆరు వంతులు కుంచించుకొనును. అంతకు మించినది రెండవది: చల్లని ద్రవము బొగ్గుపులుసు వాయువును ఎక్కువగా కరిగించుకొనును. లీటరు నీరు 20 డిగ్రీలవద్ద ముప్పాతిక లీటరుకు కొంచెము పైగా కరిగించుకొనగా, 0 డిగ్రీలవద్ద దాదాపు రెట్టింపు కరిగించుకొనును. లోపల ఏర్పడిన వెలితిని బయటి గాలి పూరించును.

నీటికి మారుగా గొట్టములో వోడ్కా పోసినచో, అది లోనికి జారినను క్రిముల భయము తగ్గును. వంకర మెడగల కుప్పెలు గాలిని రానిచ్చుచునే ధూళిని ఆపునని పాశ్చరు నిరూపించెను. కాని ఇచ్చట శత్రువు ధూళి మాత్రమే కాదు. గాలిలోని ప్రాణవాయువును ఏ వంకర మెడయు ఆపజాలదు. చలికి మందగించిన ఈస్టు దానిని చప్పున హరింపజాలదు. కొలదికాలములోనే హాప్ పరిమళము మాసి, రంగు నల్లబడి, తడిసిన అట్టవంటి రుచి పుట్టును.

రంధ్రమును బిగించి మూసినచో పలుచని పాత్ర లోనికి నొక్కుకొనిపోవును. గాజుపాత్రకు అది అపాయము. ఒత్తిడికి తాళు లోహపాత్ర గలవాడు సిలిండరునుండి కొద్దిపాటి బొగ్గుపులుసు వాయువును పంపి వెలితిని పూరింపవచ్చును. అది లేనివానికి వాయువు చొరని సంచి ఒకటి చాలును. గొట్టమునకు మారుగా దానిని తగిలించినచో, పులియు రసము విడిచిన వాయువుతో అది నిండును. చల్లబడునప్పుడు పాత్ర తన ఊపిరినే తిరిగి పీల్చుకొనును.

అయితే బుడగలు ఆగిన పిమ్మట తగిలించిన సంచి నిండదు. రసము చురుకుగా పులియుచున్న దినములలోనే, చలిదినమును తలంచి దానిని అమర్చవలెను. ఒకమారు బీరు పారబోసికొన్న గృహస్థుడు రెండవమారు ఈ సంగతి మరువడు.