చెట్టు ప్రక్కన నిలిచిన ఋణస్థుడు

క్రిస్మసు దినములలో అమెరికావారు ఏటేటా చూచుకొను పాత చలనచిత్రములు కొన్ని గలవు. వాటిలో 1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ ఒకటి. మా అబ్బాయి దానిని నాకు ఇంటిలో చూపించెను. వినోదమునకు కూర్చుంటిని, తల వంచుకొని లేచితిని.

అందులో పండుగ ఆచారములన్నియు ఉన్నవి. వీధినిండ మంచు, ఇంట అలంకరించిన చెట్టు, కీర్తనలు. ఆ మంచు నిజమైనది కాదు. వేసవిలో చిత్రము తీయుచు, మంటలార్పు నురుగును సబ్బునీళ్లతో కలిపి చల్లిరి. అయితే ఆ అలంకారముల నడుమ నిలిచిన మనుష్యుని దుఃఖము మాత్రము మన ఊళ్లలో మనమెరిగినదే.

జార్జి బెయిలీ అనువాడు ఒక చిన్న ఊరిలో, పేదలు ఇండ్లు కట్టుకొనుటకు అప్పులిచ్చు సంస్థను నడుపుచుండెను. క్రిస్మసు ముందటి దినమున అతని తండ్రి తోబుట్టువు సంస్థ సొమ్ము 8,000 డాలర్లు పోగొట్టెను. అది ఊరి ధనవంతుని చేతికి చిక్కగా, అతడు దాచుకొనెను. జార్జికి చెరసాల తప్పదు. అతడు ఇంటికి వచ్చుసరికి చెట్టు అలంకరించుచున్నారు. కుమార్తె పియానో మీద క్రిస్మసు కీర్తన మరల మరల వాయించుచున్నది. కుమారుడు ‘సాంబ్రాణి’ అను మాటను ఎట్లు వ్రాయవలెనని అడుగుచున్నాడు. ఆ తండ్రి కేకలు వేసి, ఎదుటనున్నవి పడద్రోసి, చివరకు ప్రాణము తీసికొనుటకు వంతెన యొద్దకు పోయెను.

అచ్చట ఒక దేవదూత ముందుగా తానే నీటిలో దూకెను; అతనిని కాపాడబోయి జార్జి తన చావు మరచెను. ఆ దూత రెక్కలు సంపాదించుకొనుట కథకుని కల్పనయే గాని వేదములోనిది కాదు. నన్ను పట్టుకొన్నది వేరొకటి. చిత్రము మొదలగుటయే ప్రార్థనలతో. ఊరి ఇండ్లనుండి జార్జి కొరకు మొరలు పైకి పోవుచుండును. మందుల అంగడి ముసలివాడు, పానశాల యజమాని, తల్లి, భార్య, పిల్లలు మొరపెట్టుదురు. భార్య ప్రార్థించుటతో ఆగక, కొందరికి సంగతి చెప్పెను. చివర తలుపు తెరచికొని డబ్బు తెచ్చినవారిలో ఆ ముసలివాడును, ఆ యజమానియు ఉన్నారు. ఇంటి పనిమనిషి సహితము తాను కూడబెట్టుకొన్నది తెచ్చి ఇచ్చెను. ధనవంతుడు ఒక్క డాలరు తిరిగి ఇయ్యలేదు. అయినను అప్పు తీరెను.

కొన్నేండ్ల క్రితము క్రిస్మసు ముందటి సాయంకాలమున మేము గుడిమీద నక్షత్రము కట్టుచుండగా సంఘస్థుడొకడు వచ్చి, “అయ్యగారూ, వడ్డీవాడు ఇంటిమీదికి వచ్చినాడు, ప్రార్థన చేయండి” అనెను. నిచ్చెన పట్టుకొనియే ప్రార్థించి పంపితిని. ఎంత అప్పని అడుగలేదు. సంఘ పెద్దలకు చెప్పలేదు. సంక్రాంతి రాకమునుపే అతడు పాడిగేదెను అమ్ముకొనెను. ఆ యేటి నక్షత్రము బహు చక్కగా వెలిగినదని అందరును మెచ్చిరి.

అతని ఇంటికి పోయి క్షమించుమని అడుగుటకు నాకు చాల దినములు పట్టెను.

నక్షత్రము కట్టుడి, కీర్తనలు పాడుడి, నేను వద్దనను. యాకోబు పత్రిక రెండవ అధ్యాయమును పండుగకు ముందే ఇంటింట చదువుకొనుడి. ఎవడైన ప్రార్థన కోరి వచ్చినయెడల ప్రార్థించుడి. ఆమేన్ అనిన తరువాత మాత్రము అతనిని ఊరక పంపక, ఒక మాట అడుగుడి: “ఎంత కావలెను, తమ్ముడా?”