పలకల ఊరి నుంచి శిల్పాల దీవికి

దేశంలో ఎన్నో తరాలు అక్షరాలు దిద్దుకున్న పలకలు పుట్టింది మార్కాపురంలో. ఆ ఊరి బడిపిల్లలు విజ్ఞానయాత్ర పేరుతో బస్సెక్కి, లాంచీ ఎక్కి చూసొచ్చేది కూడా రాతినే. పదిహేడు వందల ఏళ్ల కిందట శిల్పులు కథలు చెక్కిన రాతిని! నాగార్జునకొండ మ్యూజియంలో గడిపే ఆ గంటన్నర సమయం ఓ చదువు. ఇంటి పక్కనే ఉన్న మరో చదువును మాత్రం చాలామంది మరిచిపోయారు.

దసరా సెలవులు అయిపోయి వానలు తగ్గుముఖం పట్టాయంటే చాలు... మార్కాపురం, గిద్దలూరు, కంభం, తర్లుపాడు, యర్రగొండపాలెం బడుల్లో ఒకటే ప్రశ్న. 'ఈసారి టూరు ఎక్కడికి?' శ్రీశైలమా, బెలుం గుహలా, హైదరాబాదా, నాగార్జునసాగరా? ఎనిమిదో తరగతి వాళ్లు ఒకటంటారు, పదో తరగతి వాళ్లు మరొకటంటారు. తలకి ఎంత పడుతుందో లెక్కలు కట్టాక, చివరికి చాలాసార్లు సాగర్‌కే ఓటు పడుతుంది. తెల్లవారుజామున బయల్దేరితే రాత్రికి ఇంటికి చేరిపోవచ్చు. డ్యాము ఉంది, ఎత్తిపోతల ఉంది, అన్నిటికీ మించి లాంచీ ఉంది. మ్యూజియం పేరు ఆ జాబితాలో ఆఖరున ఉంటుంది.

పిల్లలకైతే టూరంటే ముందుసీటు, పాటలు, పులిహోర పొట్లాలు. మాస్టార్లకైతే తలలు లెక్కపెట్టడం! యర్రగొండపాలెం దాటి నల్లమల అంచులు వెనకబడి, మాచర్ల వచ్చేసరికి సగం మంది నిద్రలో జోగుతుంటారు. విజయపురి సౌత్‌లో లాంచీ మోత వినగానే అందరికీ మెలకువ వచ్చేస్తుంది. సముద్రం చూడని పిల్లలకు ఆ నీళ్లే సముద్రం. కరవు మండలాల నుంచి వచ్చిన పిల్లలు అన్ని నీళ్లను ఒక్కచోట చూసి నోరు తెరిచేస్తారు.

నీళ్ల కింద ఓ రాజధాని

ఆ నీళ్ల కిందే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. శాతవాహనుల తర్వాత, క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్కడి నుంచి పాలించిన వంశం వారిది. 1926లో ఈ లోయలోని శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. మరుసటి ఏడాది నుంచి లాంగ్‌హర్స్ట్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. డ్యాము పూర్తయితే లోయ మొత్తం మునిగిపోతుంది. దాంతో నీళ్లకూ, చరిత్రకూ మధ్య పరుగుపందెం మొదలైంది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో పురావస్తు శాఖ లోయనంతా జల్లెడ పట్టింది. స్తూపాలు, విహారాలు, గుడులు, స్నానఘట్టాలు బయటపడ్డాయి. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని రాయి రాయిగా విడదీసి కొండమీద తిరిగి నిలబెట్టారు. మరికొన్నింటికి నమూనాలు ఒడ్డున అనుపులో కట్టారు. 1966లో కొండమీద విహారం ఆకారంలో మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కొండ కాస్తా దీవి అయింది.

రైతుకు నీళ్లూ కావాలి, మనకు మన చరిత్రా కావాలి. రెండింటిలో ఒకటి మునిగితే ఏం చేస్తారన్న ప్రశ్నకు తెలుగునేల ఇచ్చిన జవాబు ఈ దీవి. సాంఘికశాస్త్రం పుస్తకంలో ఆనకట్టల పాఠం ఒకచోట, ఇక్ష్వాకుల పాఠం మరోచోట ఉంటాయి. ఆ రెండూ కలిసేది ఈ లాంచీలోనే.

రాయి తెలిసిన పిల్లలు

మ్యూజియంలో అడుగుపెట్టగానే ఏ ఊరి పిల్లలైనా మొదట చూసేది నిలువెత్తు బుద్ధుణ్నే. మార్కాపురం పిల్లల తీరు కాస్త వేరు. వాళ్లకు రాయి కొత్త కాదు. గనిలోంచి దిమ్మ తేవడం, ఉలి పెట్టి సుత్తితో తడితే పొరలు పొరలుగా చీలడం, కోయడం, నున్నగా రుద్దడం, చట్రం బిగించడం... ఇవన్నీ వీధిలోనో ఇంట్లోనో చూసి పెరిగినవాళ్లు చాలామందే ఉంటారు. అందుకే శిల్పాన్ని చూడగానే వాళ్లకు పనివాడి సందేహం వస్తుంది. ఇది పలకరాయిలా ఎందుకు చీలిపోలేదు? ఇంత చిన్న వేళ్లు విరక్కుండా ఎలా చెక్కారు?

మంచి ప్రశ్నే! మార్కాపురం పలకరాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న మెత్తటి బురద. నేల లోపలి ఒత్తిడికి గట్టిపడి, పొరలుగా చీలే గుణం తెచ్చుకుంది. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాళ్ల వరసకు కంభం పేరే పెట్టారు. పొరలుగా చీలే రాయి పలకకు బాగుంటుంది. నాలుగువైపుల నుంచీ ఉలి దెబ్బలు తినాల్సిన బొమ్మకు అంతగా పనికిరాదు. నాగార్జునకొండ శిల్పులు ఎంచుకున్నది పల్నాడు సున్నపురాయి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్లటి రాయి. సన్నటి గీత గీసినా నిలుస్తుంది, అంగుళం లోతులో పదిమంది మనుషుల్ని నిలబెట్టినా ఓర్చుకుంటుంది. ఈ రెండు రాళ్లూ కడప బేసిన్ అని పిలిచే విశాలమైన రాతి పళ్లెంలోవే. ఒకటి బడికి వెళ్లింది, మరొకటి స్తూపానికి వెళ్లింది!

ఆ సున్నపురాతి మీద ఏమున్నాయి? బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడిచి వెళ్లడం, జాతక కథలు ఉన్నాయి. పావురాన్ని కాపాడటానికి తన మాంసాన్నే తూకం వేసి ఇచ్చిన శిబి కథ ఉంది. తెలుగు వాచకంలో చదువుకున్న కథ రాతి మీద కనిపిస్తే పిల్లలు ఠక్కున ఆగిపోతారు. కోటు, టోపీ తొడుక్కున్న పరదేశి సైనికుడు కనిపిస్తే నవ్వుతారు. రోమ్‌తోనూ, పడమటి దేశాలతోనూ ఈ కృష్ణాతీరానికి ఉన్న వ్యాపార సంబంధాలను చెప్పడానికి అంతకంటే మంచి అదను మాస్టారికి దొరకదు.

శాసనాల దగ్గర ఆడపిల్లలకు చెప్పాల్సిన మాట ఇంకోటుంది. ఇక్కడి మహాచైత్యం పనులకు ముందు నిలిచి దానం చేసింది శాంతిశ్రీ. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి చెల్లెలు ఆమె. బోధిశ్రీ అనే ఉపాసిక కూడా కట్టడాలకు ఎన్నో దానాలిచ్చింది. ఇక్ష్వాకు రాజులు వైదిక యజ్ఞాలు చేస్తుంటే, అంతఃపురం స్త్రీలు బౌద్ధానికి స్తూపాలు కట్టించారు. రాజుల పేర్లు మాత్రమే బట్టీపట్టే పరీక్షల కాలంలో ఇది కాస్త కొత్త పాఠం.

మేస్త్రీకీ ఓ స్తంభం

నాగార్జునకొండ లోయలో ఛాయాస్తంభాలు చాలా దొరికాయి. చనిపోయినవారి గుర్తుగా నిలిపిన రాళ్లవి. రాజులకూ, సేనానులకూ, యుద్ధంలో పడిపోయిన సైనికులకూ నిలిపారు. వాటిలో ఒకటి మాత్రం పనివాళ్ల మేస్త్రీ జ్ఞాపకార్థం నిలిపింది. ఉలి పట్టిన మనిషికి రాజులతో సమానంగా ఓ రాయి!

మార్కాపురం పిల్లలకు ఈ ఒక్క సంగతీ చెబితే టూరు డబ్బులు గిట్టినట్టే. ఎందుకంటే ఉలి పట్టినవాళ్ల కథ వాళ్ల ఇళ్లలోనూ ఉంది, చాలావరకు చెప్పుకోని కథ అది. పలకల పరిశ్రమలో ఒకప్పుడు పసిపిల్లలు పనిచేశారు. బడిలో ఉండాల్సిన వయసులో బడికి వెళ్లేవాళ్ల కోసం పలకలు తయారుచేశారు. 1986లో బాలకార్మిక చట్టం, 1987లో జాతీయ విధానం వచ్చాయి. 1988లో దేశంలో తొలి విడతగా జాతీయ బాలకార్మిక ప్రాజెక్టులు మొదలుపెట్టినప్పుడు శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు పరిశ్రమల పక్కన మన మార్కాపురం పలకల పరిశ్రమ పేరూ ఉంది. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక బడులు పెట్టారు, మధ్యాహ్న భోజనం పెట్టారు. ఆనాడు పదేళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు యాభైకి దగ్గరపడుతున్నారు. వాళ్ల పిల్లలు, మనవలు టూరు బస్సెక్కుతున్నారు.

అందరూ ఎక్కుతున్నారా అంటే మాత్రం చెప్పలేం. పేర్లు రాసే రోజున లేచి నిలబడకుండా తలదించుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నాగార్జునకొండ లాంటి పురావస్తు శాఖ మ్యూజియాల్లో పదిహేనేళ్ల లోపు వారికి టికెట్టు లేదు. ఖర్చంతా బస్సుకీ, లాంచీకీ, భోజనాలకే. పూర్వ విద్యార్థులో, ఊరి వ్యాపారులో తలా ఇద్దరు పిల్లల ఖర్చు పెట్టుకుంటే ఆ తలలు దించుకోవాల్సిన అవసరం ఉండదు. వెళ్లలేనివాడి ఇంట్లోనే ఉలి చప్పుడు వినిపిస్తూ ఉండొచ్చు. ఆ మ్యూజియం అందరికంటే ముందు చూడాల్సింది వాడే.

సాలార్‌జంగ్‌లో గంట కోసం...

బడ్జెట్ కుదిరిన బడులూ, డిగ్రీ కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ బృందాలూ హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియం ఖాయం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కూడబెట్టిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. ఇక్కడ టూరు పిల్లలంతా ఒకేచోట పోగవుతారు. గడియారంలో గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొట్టే చోట! మేలిముసుగు రెబెకా బొమ్మ ముందు మాత్రం పలకల ఊరి పిల్లలు ఇంకాసేపు నిలబడతారు. ఇటలీ శిల్పి బెన్జోనీ 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ అది. ముఖమూ రాయే, ముఖం మీది పల్చటి ముసుగూ రాయే. రాయిని పల్చగా చీల్చడం తెలిసిన ఊరివాళ్లకు అందులోని కష్టం వేరే చెప్పాలా!

పెరట్లో ఉన్నది పోయింది

హైదరాబాద్ దూరం, సాగర్ కాస్త దగ్గర. అంతకంటే దగ్గర్లో, ఒక్క పూటలో చూసి వచ్చేంత దూరంలో మరొకటుంది. దొనకొండ మండలం చందవరం. నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి వచ్చే గుండ్లకమ్మ ఒడ్డున, చిన్న గుట్ట మీద బౌద్ధ మహాస్తూపం ఉంది. 1970వ దశకంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. అక్కడా పల్నాడు శిల్పాల బాణీయే. అమరావతి, నాగార్జునకొండలకు వరసకు తోబుట్టువు!

మరి అక్కడికి టూరు బస్సులు ఎన్ని వెళ్తాయి? సాగర్‌కు వెళ్లినన్ని కాదు. అందరూ మరిచిపోయిన చోటును కొందరు మాత్రం గుర్తుపెట్టుకున్నారు. బుద్ధుణ్ని పూజిస్తున్న భక్తుల శిల్పఫలకం ఒకటి చందవరం నుంచి చోరీ అయి, దేశం దాటి, న్యూయార్క్ వ్యాపారి చేతికి చేరింది. 2005లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ ఆర్ట్ గ్యాలరీ దాన్ని 5 లక్షల 95 వేల డాలర్లకు కొన్నది. దానికి దొంగ చరిత్ర కాగితాలు కూడా పుట్టించారు. ఆ అబద్ధాన్ని బయటపెట్టింది ఫొటోలు. 1990ల్లో చందవరంలో తీసిన ఫొటోల్లో అదే ఫలకం కనిపించింది. 2016లో ఆస్ట్రేలియా దాన్ని భారత ప్రభుత్వానికి అప్పగించింది.

ఎవరో ఒకరు వెళ్లి చూసి, ఫొటో తీసుకోబట్టి అది మనదని రుజువైంది. లేకపోతే కాన్‌బెర్రాలోనే ఉండేది. అమరావతి శిల్పాలు చెన్నైకీ, లండన్‌కీ తరలిపోయిన కాలంలో అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు అడగాల్సినవాళ్లు ఎనిమిదో తరగతిలో ఉన్నారు. ఏటా వంద మంది పిల్లలు వచ్చి పేరుపేరునా గుర్తుపట్టే శిల్పాన్ని ఎత్తుకెళ్లడం అంత సులువు కాదు. కాపలాదారు ఒక్కడే అయినా, చూసిన కళ్లు వందలుంటాయి.

ఇందుకు ఖర్చేమీ లేదు. టూరుకు వెళ్లే ప్రతి పిల్లాడూ ఓ పలక వెంట తీసుకెళ్తే చాలు, మార్కాపురంలో పలకలకు కరవా! నచ్చిన శిల్పం ఒక్కటి ఎంచుకుని, దాని ముందు పది నిమిషాలు కూర్చుని గీయాలి. సెల్‌ఫోన్‌లో వంద ఫొటోలు తీసినవాడికి ఏదీ గుర్తుండదు. ఒక్క బొమ్మ గీసినవాడికి ఆ చేతివేళ్ల మెలిక కూడా గుర్తుంటుంది. ఫలకమే మన నోట్లో పలక అయింది. ఒకదాన్ని చూసి మరొకదాని మీద దించుకోవడంలో తప్పేముంది?

టూరుకు వెళ్లే ముందు...

* మార్కాపురం నుంచి యర్రగొండపాలెం, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరుకోవాలి. దీవికి లాంచీలు అక్కడి నుంచే. దారిలో ఎత్తిపోతల జలపాతం, సాగర్ ఒడ్డున అనుపు చూడొచ్చు.
* శుక్రవారం నాగార్జునకొండ మ్యూజియానికి, సాలార్‌జంగ్‌కు సెలవు. తేదీ ఖాయం చేసుకునే ముందు చూసుకోండి.
* గాలి ఎక్కువగా ఉన్నా, వరద ఉన్నా లాంచీలు నడవవు. ముందురోజు ఫోన్ చేసి కనుక్కుంటే మేలు.
* తిరుగు లాంచీ వేళ ముందే అడిగి, మ్యూజియానికి కనీసం గంటన్నర మిగుల్చుకోండి. భోజనాలు దీవి మీద పెట్టుకుంటే ఆ సమయమంతా అక్కడే కరిగిపోతుంది.
* పిల్లల్ని పదేసి మంది చొప్పున పంపితే అందరికీ శిల్పం కనపడుతుంది, మాస్టారి మాట వినపడుతుంది.
* సాగర్ వెళ్లిన ఏడాదే చందవరం కూడా పెట్టుకోండి. ఒక శనివారం చాలు.