పల్లె గాలి, పట్టణపు బిడ్డలు

న్యూయార్క్ నగరములోని గ్రాండ్ సెంట్రల్ స్టేషనులో రైలెక్కి ఉత్తరముగా వెళ్తే, దాదాపు గంటన్నరలో బీకన్ అను ఊరు వస్తుంది. రైలు పట్టాలు హడ్సన్ నది ఒడ్డునే సాగుతాయి. ఎత్తైన మేడలు వెనుకబడి, ఇరువైపుల కొండలు, అడవులు ఎదురవుతాయి. అమెరికాలోని మన బంధువులను చూడబోయిన మేము ఆ దారిన ప్రయాణము చేశాము.

బీకన్‌కు సమీపమున ఫిష్‌కిల్ ఉన్నది. అక్కడ 2,000 ఎకరములకు పైబడిన అడవి భూమిలో ఫ్రెష్ ఎయిర్ ఫండ్ అను సంస్థ నగరపు పేద పిల్లలకు వేసవి శిబిరములు నడుపుతున్నది. పిల్లలు రాత్రులు కూడ అక్కడే ఉంటారు. ఈత కొడతారు, కొండదారులలో నడుస్తారు. తలిదండ్రులు రుసుము చెల్లించనక్కరలేదు.

ప్రియ చదువరులారా, ఈ పని ఆరంభమైనది ధనవంతుల ఇంట కాదు, ఒక పల్లె సంఘములో. 1877లో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి షెర్మన్ అను చిన్న గ్రామములో విల్లర్డ్ పార్సన్స్ అను సంఘకాపరి ఉండెను. న్యూయార్క్‌లోని ఇరుకు ఇండ్లలో, కిటికీలైన లేని గదులలో కుటుంబములు కిక్కిరిసి బ్రదుకుతున్న దినములవి. అట్టి గదులలో క్షయ ఒకరి నుండి ఒకరికి సులభముగా వ్యాపించేది. ఆ పిల్లలను వేసవిలో కొన్ని దినములు మీ ఇండ్లలో ఉంచుకొనుడని పార్సన్స్ గారు సంఘస్థులను అడిగారు. వారు ఒప్పుకున్నారు. నాటి నుండి నేటి వరకు 18 లక్షలకు పైగా పిల్లలు ఈ సంస్థ ద్వారా నగరము దాటి వెళ్లారు.

ఆ రైతులు ఇచ్చినదేమి? పాలు, పడక, ఆడుకొనుటకు పొలము. తమ ఇంట ఉన్నదే ఇచ్చారు.

అయితే ఒక ప్రశ్న మమ్మును విడువలేదు. సెలవు ముగియగానే ఆ బిడ్డ మరల అదే ఇరుకు గదికి వెళ్లవలసినదే గదా! పది దినముల గాలి పేదరికమును తీర్చదు. ఇది నిజమే. కూలి, ఇల్లు, వైద్యము వీటి కొరకు వేరుగా పాటుపడవలసినదే. కాని చెరువులో దిగుటకు మొదట భయపడి, తరువాత ఈదిన బిడ్డ ఆ ధైర్యమును వెంట తీసికొని పోతుంది. వీధిదీపము లేని రాత్రి నక్షత్రములను చూచిన బిడ్డ వాటిని మరువదు.

మరియొకటి. తన బిడ్డను ఎరుగనివారికి అప్పగించు తల్లి ఎంత నమ్మకముంచుతుందో ఆలోచించండి. అందుకే పిల్లలను చేర్చుకొను ఇండ్లను ముందుగా విచారించుట అవసరము. దయ ఉన్నచోట జాగ్రత్త కూడ ఉండవలెను. వచ్చిన బిడ్డను జాలితో కాక, చుట్టమువలె చూడవలెను.

మన పల్లెల నుండి కూలి పనికి హైదరాబాదు, విజయవాడ వెళ్లి ఒంటిగది ఇండ్లలో ఉంటున్నవారు లేని సంఘము అరుదు. వారి పిల్లలలో వేరుశెనగ భూమి లోపల కాస్తుందని ఎరుగనివారున్నారు. వేసవి సెలవులలో అట్టి ఒక కుటుంబమును పిలువగలమా? బిడ్డను మాత్రమే కాదు, తల్లిని కూడ పిలుద్దాము. బిడ్డకు బెంగ ఉండదు; ఆ తల్లికి కూడ విశ్రాంతి దొరుకుతుంది. ఇందుకు 2,000 ఎకరములు అక్కరలేదు. ఆరుబయట రెండు మంచములు, కుండలో చల్లని నీళ్లు చాలును.