షూటింగే... కానీ కిలోమీటర్ల లెక్కుంది!

2011 అక్టోబరు 1. రిపబ్లిక్ డే శకటాలు కదిలే ఢిల్లీ రాజ్‌పథ్ (ఇప్పటి కర్తవ్యపథ్) మీద రెడ్‌బుల్ వారి ఫార్ములా వన్ కారు రయ్యిమని దూసుకుపోయింది. ఆ నెలాఖర్లో గ్రేటర్ నోయిడాలో మనదేశపు తొలి గ్రాండ్‌ప్రి. ముందుగా జనాన్ని ఊరించడానికే ఈ హడావుడంతా.

రేసు కారే వీధిలోకి వచ్చేసిందని మురిసిపోతాం కానీ, ఇలాంటి ప్రదర్శనలకు తెచ్చేది చాలావరకు పాత కారే. రెడ్‌బుల్ 2011 నాటి ఆర్‌బీ7నే ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊరూరా తిప్పింది. 2014లో హైబ్రిడ్ ఇంజిన్లు వచ్చాక రేసుల్లో వినిపించని ఆ వీ8 మోత కోసమే వచ్చేవాళ్లూ ఉన్నారు!

మరి కొత్త కారో? ప్రచార చిత్రాల కోసం దాన్నీ బయటికి తీయొచ్చు. కాకపోతే ఏడాదికి రెండే రోజులు. ఒకప్పుడు ఆ రోజంతా తిరిగినా 100 కిలోమీటర్లు దాటకూడదు. 2024లో దాన్ని 200 చేశారు. అసలు రేసేమో దాదాపు 305 కిలోమీటర్లు. టైర్లు కూడా రేసువి కాదు, ఈ పనికోసమే పిరెల్లీ విడిగా చేసిచ్చేవి. వాటితో ఎంత తిరిగినా రేసు టైర్ల పట్టు, అరుగుదల గురించి తెలిసేది తక్కువే.

ఫొటోలు తీసుకోవడానికి ఇన్ని ఆంక్షలా అంటే... ఉన్న గొడవంతా డబ్బుతోనే. ఫెరారీకి ఫియొరానో, ముజెల్లో అని సొంత ట్రాకులే ఉన్నాయి. పెద్ద జట్లు టెస్టింగ్ కోసమే వేరే బృందాల్ని పోషించేవి. చిన్న జట్లు ఎక్కడ తూగుతాయి? 2008 ఆర్థిక మాంద్యంలో హోండా అంతటిదే దుకాణం కట్టేసింది. దాంతో 2009 నుంచి సీజన్ మధ్యలో టెస్టింగ్‌కు కళ్లెం వేశారు. అప్పుడిక షూటింగ్ పేరుతో ఎవరూ ప్రాక్టీసు చేసుకోకుండా చూడాలిగా!

ఇది ఉత్తుత్తి అనుమానమేం కాదు. 2013 మేలో బార్సిలోనాలో రేసు అయ్యాక మెర్సిడెస్ అక్కడే ఉండిపోయింది. పిరెల్లీ టైర్ల పరీక్ష కోసమంటూ ఆ ఏటి కారుతోనే 1000 కిలోమీటర్లు తిరిగింది. హామిల్టన్, రోస్‌బర్గ్ తమ గుర్తులేవీ లేని హెల్మెట్లు పెట్టుకున్నారు. సంగతి బయటపడగానే రెడ్‌బుల్, ఫెరారీ ఫిర్యాదు చేశాయి. విషయం ట్రైబ్యునల్‌కు వెళ్లింది. ఒక మందలింపు, కుర్రాళ్ల టెస్టుకు రాకుండా నిషేధం... అంతే. ఆ మధ్యలో మొనాకో రేసు గెలిచింది రోస్‌బర్గే. ఆ గెలుపు అలాగే ఉండిపోయింది. వెయ్యి కిలోమీటర్లకు ఇది చవక బేరమేనని ప్రత్యర్థులకు అనిపిస్తే తప్పుపట్టగలమా?

అన్నట్టు, షూటింగ్ రోజులు ఇప్పటికీ ఒట్టి షూటింగులు కావు. సీజన్ ముందు కొత్త కారును తొలిసారి తిప్పిచూసేది చాలా జట్లకు ఆ రోజే. ఒకపక్క కెమెరాలు తిరుగుతుంటాయి. ఇంకోపక్క మెకానిక్‌లు నూనె ఎక్కడ కారుతోందో, ఏ తీగ వదులైందో వెతుక్కుంటూ మిగిలిన కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటుంటారు.