బాక్ పడేటప్పుడు వెంట్ చూడాలి

మాడుగుల అంటే హల్వా. గోధుమపాలు, నెయ్యి, తీపి. ఆ ఊరివాణ్ణయ్యుండి పరవాడ ఫార్మా సిటీలో సుగర్ మందుల ఇంటర్మీడియట్లు చేస్తానంటే తెలిసినవాళ్ళు ఊరుకుంటారా? "మనూరోళ్ళు రోగం పెడితే నువ్వు మందు సేస్తన్నావేటి?" అని ఆట పట్టిస్తారు.

నా ఉద్యోగంలో సగం ఆలోచన బాక్ అన్‌హైడ్రైడ్‌కే పోతుంది. లినాగ్లిప్టిన్ అనే సుగర్ మందు తయారీలో ఒక ముక్క అమినో పైపెరిడిన్. దానికి నైట్రోజన్లు రెండు. వలయంలో ఉన్నది రియాక్షన్‌కి వెళ్ళాలి, బయట వేలాడే అమైన్ కదలకూడదు. గోడకు రంగేసేవాడు స్విచ్ బోర్డు మీద కాగితం అంటించుకున్నట్టు, ఆ అమైన్‌కి బాక్ తగిలిస్తాం. పనయ్యాక యాసిడ్‌తో ఊడదీస్తాం. ఈ బాక్ రక్షణ 1957లో వచ్చింది. ఒకప్పుడు దాన్ని తగిలించడానికి బాక్ అజైడ్ వాడేవారు, అది పేలే సరుకు. అన్‌హైడ్రైడ్‌తో పేలుడు భయం పోయి గ్యాస్ భయం మిగిలింది.

కాలేజీలో ఈ గ్యాస్‌ని సమీకరణం చివర చిన్న బాణం గుర్తుతో చూపించి వదిలేస్తారు. ప్లాంట్‌లో అదే అసలు సంగతి. 218 కిలోల బాక్ అన్‌హైడ్రైడ్ చార్జ్ చేస్తే అమైన్‌కి అంటుకునేది 100 కిలోలే. 74 కిలోలు టెర్ట్ బ్యూటనాల్ అవుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా లేస్తుంది. మన వేడికి అది దాదాపు 25 వేల లీటర్లు. రియాక్టర్‌లో పైన ఉండే ఖాళీ రెండు మూడు వేల లీటర్లు ఉంటే గొప్ప. వెంట్ వాల్వ్ మూసి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

గ్యాస్ బాగా వస్తుంటే నాకు భయం లేదు, రాకపోతేనే భయం. రియాక్టర్‌లోని మిశ్రమం మరీ చల్లగా ఉంటే రియాక్షన్ మందగిస్తుంది. గ్యాస్ బుడగలు చూపించే బబ్లర్ ఊరికే ఉందని కొత్త ఆపరేటర్ బాక్ ధార పెంచేస్తాడు. లోపల బాక్ పోగవుతుంది. ఆ తర్వాత జాకెట్ వేడెక్కిందంటే అంతా ఒక్కసారే మొదలవుతుంది. అందుకే "బుడగలు రాకపోతే ధార ఆపు, టెంపరేచర్ చూడు, నన్ను పిలువు" అని షిఫ్ట్ మారిన ప్రతిసారీ చెప్తాను. విసుక్కుంటారు, విసుక్కోనీ.

సరుకు స్వభావం కూడా తెలియాలి. బాక్ 23 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కోల్డ్ రూమ్ నుంచి గడ్డలా వస్తుంది, గోరువెచ్చని నీళ్ళలో పెట్టి నెమ్మదిగా కరిగించాలి. స్టీమ్ పట్టకూడదు. పాత డబ్బా ఉబ్బి ఉంటే మూత తిప్పకుండా సేఫ్టీ వాళ్ళని పిలవాలి. దాని ఆవిరి పీలిస్తే ప్రాణాంతకం, మాస్క్ లేకుండా దగ్గరికి పోకూడదు.

ల్యాబ్‌లో ఇంకో తిరకాసు. అమైన్ మిగిలిందేమోనని టీఎల్‌సీ ప్లేట్ మీద, అమైన్ ఉంటే ఊదారంగు చూపే నిన్‌హైడ్రిన్ కొడతారు. ప్లేట్ గట్టిగా వేడిచేస్తే బాక్ ఊడిపోయి, రియాక్షన్ పూర్తయినా ఊదారంగు మచ్చ కనిపిస్తుంది. జూనియర్లు కంగారుపడి ఇంకాస్త బాక్ వేద్దామంటారు.

ఊడదీసేటప్పుడు ఆ 100 కిలోలూ పోతాయి: 44 మళ్ళీ కార్బన్ డయాక్సైడ్, తక్కిన 56లో కొంత ఐసోబ్యూటిలీన్. ఇది అంటుకునే గ్యాస్, గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. రియాక్టర్‌లో నైట్రోజన్ గ్యాస్ నింపకుండా ఆ స్టెప్ ముట్టుకోం. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో 17 మందిని బలిగొన్నది సాల్వెంట్ ఆవిరి. సరుకు వేరు గానీ, ఆవిరికి నిప్పు దొరికితే జరిగేది ఒకటే.

లెక్క చూస్తే, కొన్న 218 కిలోల్లో ఒక్క గ్రాము కూడా బిళ్ళలోకి వెళ్ళదు. ఖరీదు కట్టేవాళ్ళకి అందుకే బాక్ అంటే మంట. లినాగ్లిప్టిన్‌కి బాక్ బదులు థాలిమైడ్ రక్షణ వాడే దారి కూడా ఉంది. అందులో ఇథనాల్‌అమైన్‌తో ఊడదీస్తారు, గ్యాస్ ఉండదు. కాకపోతే ఊడిన ముక్క గాల్లో కలిసిపోదు, ప్రొడక్ట్‌లో మిగలకుండా కడిగి వదిలించాలి. మా క్యూసీ వాళ్ళ ఓటు బాక్‌కి. రాత్రి షిఫ్ట్‌లో వెంట్ దగ్గర నిలబడేవాడిగా నా ఓటు థాలిమైడ్‌కి.